వాన నమాజు చదివే రెండు నేలలు

2025 ఫిబ్రవరి ఆఖరి వారం. రంజాన్ చాంద్‌కి ఇంకా నాలుగైదు రోజులుంది. మగ్రిబ్ నమాజు చదివి ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఒక ఖబర్ కనిపించింది. మొరాకో రాజు ఆరో ముహమ్మద్ తన అవామ్‌కు ఖత్ రాశాడు. ఆ దేశపు ఔకాఫ్ మంత్రి దాన్ని టీవీలో చదివి వినిపించాడు. దేశంలో కరువుంది, జీవాలు తగ్గిపోయాయి, ఈ ఏడాది బక్రీద్‌కు ఖుర్బానీ చేయకండి, మీ అందరి తరఫున నేనే జబహ్ చేస్తాను అన్నది దాని సారాంశం.

ఆ ఖబర్ అబ్బాకు చదివి వినిపించాను. అబ్బా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బాద్షా హుయే తో క్యా, బారిష్ పో హుకుం చల్తా క్యా?" అన్నారు. బాద్షా అయితే మాత్రం వాన మీద హుకుం చెల్లుతుందా అని. అనంతపురం జిల్లాలో డెబ్బై ఏళ్లు మబ్బులను చూసిన మనిషి మాట అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం రాజు కాదు, మా తమ్ముడు. వాడు కువైట్‌లో డ్రైవరు. మా నాలుగెకరాల చేలో ఇప్పటికి మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయాయి. నాలుగోది ఇంకా లోతుకు వేద్దాం, డబ్బు నేను పంపుతాను, నువ్వు అబ్బాను ఒప్పించు భయ్యా అని వాడు పోరు పెడుతున్నాడు. అబ్బా వద్దంటున్నారు. నేను మధ్యలో ఉన్నాను. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల ఉన్న దేశపు కరువు కథ నాకెందుకు అనిపించలేదు. చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అది మన జిల్లా తారీఖ్ లాగే కనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

పేరులోనే పొద్దు గుంకింది

ఉర్దూ మీడియం బడిలో మా జుగ్రాఫియా కితాబ్‌లో ఆ దేశం పేరు మరాకిష్. డిగ్రీకి వచ్చి తెలుగు పుస్తకాలు పట్టుకుంటే మొరాకో. రెండూ ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండు పేర్లూ పాత రాజధాని మరాకిష్ షహర్ నుంచి వచ్చినవే. ఆ దేశస్థులు మాత్రం తమ నేలను అల్-మగ్రిబ్ అంటారు. మనం రోజూ చదివే మగ్రిబ్ నమాజులోని మాటే. పొద్దు గుంకే చోటు అని అర్థం. అరబ్బుల దునియాకు పడమటి చివర అదే. ఆ తర్వాత అట్లాంటిక్ సముద్రం.

ఆ పడమటి చివర నుంచి 700 ఏళ్ల కిందటే ఒక మనిషి మన దేశానికి వచ్చాడు. ఆయనే ఇబ్న్ బతూతా. 1304లో తంజా షహర్‌లో పుట్టాడు. 1325లో హజ్ కోసం ఇల్లు వదిలాడు. తిరుగుతూ తిరుగుతూ ఢిల్లీ చేరి ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ అయ్యాడు. దక్షిణాదిన మలబారు, మధురై దాకా వచ్చాడు. మన అనంతపురం వైపు మాత్రం రాలేదు. వచ్చి ఉంటే ఈ ఎర్ర నేల, రాళ్ల గుట్టలు చూసి తన ముల్క్ యాదికి వచ్చేదేమో.

జుగ్రాఫియా: కొండల చాటు నేలలు

పశ్చిమ సహారా కాకుండా మొరాకో విస్తీర్ణం దాదాపు 4,46,550 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లకు పైనే. 2024 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 3.68 కోట్ల మంది ఉన్నారు, మన రాష్ట్రం కన్నా తక్కువ. ఉత్తరాన మధ్యధరా సముద్రం, పడమట అట్లాంటిక్. స్పెయిన్ దేశానికీ దానికీ మధ్య ఉన్న జలసంధి ఒక చోట 14 కిలోమీటర్లే. తూర్పున అల్జీరియా. దేశం మధ్యలో అట్లస్ కొండల వరుసలు. అందులో తుబ్కాల్ శిఖరం ఎత్తు 4,167 మీటర్లు. చలికాలంలో దాని మీద మంచు పడుతుంది.

ఈ కొండలే ఆ దేశపు ఖిస్మత్ రాశాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు కొండలకు తగిలి ఉత్తర, పడమర వాలుల్లో కురుస్తాయి. కొండల చాటున ఉన్న దక్షిణ, తూర్పు ప్రాంతాలకు మిగిలేది ఎండ, ఇసుక. అక్కడ సహారా మొదలవుతుంది.

మన కథ కూడా ఇలాంటిదే. నైరుతి రుతుపవనాల వానను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి బయలుదేరి మనదాకా వచ్చేసరికి నీరసిస్తాయి. రెండు వైపులా విందు జరుగుతుంటే మధ్యలో కూర్చున్న ఫకీరు లాంటిది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మరాకిష్ షహర్‌లో పడేది అందులో సగం కూడా ఉండదు. అయినా ఆ షహర్ 950 ఏళ్లుగా నిలిచి ఉంది. ఎలా నిలిచిందన్నదే అసలు సవాల్.

తారీఖ్: నేల కింద నడిచే నీళ్లు

మొరాకో తారీఖ్‌లో సల్తనతులు చాలానే ఉన్నాయి. 8వ శతాబ్దం చివర అబ్బాసీల నుంచి తప్పించుకుని వచ్చిన ఇద్రీస్ అక్కడ తన హుకూమత్ స్థాపించాడు. ఆ ఇద్రీసీల కాలంలో ఫేస్ షహర్ వెలిసింది. 859లో ఫాతిమా అల్-ఫిహ్రీ అనే ఖాతూన్ తనకు విరాసత్‌లో వచ్చిన సొమ్ముతో అక్కడ ఖరవియ్యీన్ మస్జిద్ కట్టించిందని రివాయత్. ఆ మస్జిదే తర్వాత పెద్ద దర్స్‌గాహ్ అయింది, ఈ రోజుకూ చదువు నడుస్తోంది. ఆడపిల్లల చదువు గురించి మన ఇళ్లలో మాట వచ్చినప్పుడు నేను ఈ పేరు తప్పకుండా ఎత్తుతాను.

1070 ప్రాంతంలో మురాబితీన్‌లు మరాకిష్ కట్టారు. వాళ్లు ఎడారి మనుషులు, నీటి విలువ తెలిసినవాళ్లు. 12వ శతాబ్దం మొదట్లో అక్కడ ఖత్తారాలు తవ్వించారు. అట్లస్ కొండల పాదం దగ్గర భూగర్భ జలం తగిలే దాకా ఒక బావి తీస్తారు. అక్కడి నుంచి షహర్ వైపు నేల కిందే కొద్దిపాటి వాలుతో సొరంగం తవ్వుతారు. గాలి కోసం, పూడిక తీయడం కోసం దారి పొడవునా బావులు ఉంటాయి. పైనుంచి చూస్తే వరుసగా చీమల పుట్టల్లా కనిపిస్తాయి. యంత్రం లేదు, ఎద్దు లేదు. నీరు తన వాలున తానే నడిచి వస్తుంది. ఇరాన్‌లో ఖనాత్ అనేదీ, మన బీదర్‌లో బహమనీల కాలంలో తవ్విన సురంగ్ బావీ ఈ ఖాందాన్‌వే.

మరి మన దగ్గర? పెన్నా, చిత్రావతి ఏళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. కానీ ఆ ఇసుక కింద నీరు నడుస్తూ ఉండేది. మన పెద్దలు ఏటి ఇసుకలోనే కాలువ తవ్వి, ఆ ఊటను వాలుగా ఒడ్డు దాటించి మడికి పారించేవారు. వాటినే ఊట కాలువలు అన్నారు. వరద వస్తే పూడిపోయేవి. ఊరంతా కలిసి మళ్లీ తీసేవారు. ఇక విజయనగర కాలం నాటి చెరువులు ఉండనే ఉన్నాయి: అనంతపురం చెరువు, బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా కట్టారు. ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో చూడడానికి నీరుగంటి ఉండేవాడు. మరమ్మతు చేయించేవారికి దశబంధం కింద ఇనాం భూములు ఉండేవి.

ఖత్తారాకూ ఊట కాలువకూ మధ్య ఒక పెద్ద పోలిక ఉంది. ఏ ఒక్కడూ దాన్ని ఒంటరిగా తవ్వలేడు, ఒంటరిగా తాగలేడు. మొరాకోలో నీటిని వంతుల లెక్కన, గడియల లెక్కన పంచుకున్నారు. మన దగ్గర నీరుగంటి పంచాడు. నీరు, మేత, నిప్పు, ఈ మూడింటిలో అందరూ షరీక్ అని హదీస్ చెబుతుంది. ఆ మాటను రెండు నేలల రైతులూ ఆచరించి చూపించారు. మన దగ్గర అందులో హిందువూ ముసల్మానూ ఇద్దరూ ఉన్నారు.

రెండు దస్తావేజులు

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీ ఫౌజు ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను ధారపోశాడు. అందుకే మనవి దత్త మండలాలు అయ్యాయి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతి పాదుకొల్పాడు. రైతుకు పట్టా వచ్చింది, అది మేలే. కానీ లెక్క ఊరితో కాకుండా విడివిడి మనుషులతో మొదలైంది. చెరువు సర్కారుది అయింది. సర్కారు శిస్తు వసూలు చేసినంత శ్రద్ధగా పూడిక తీయించలేదు.

మొరాకో వంతు 1912లో వచ్చింది. ఉస్మానియా సల్తనత్ కూడా అల్జీరియా దాకా వచ్చి ఆగింది గానీ మొరాకోను లొంగదీయలేదు. అలాంటి దేశాన్ని ఫేస్ సంధి పేరుతో ఫ్రాన్సు తన హిఫాజత్ కిందికి తీసుకుంది. ఉత్తరాన కొంత స్పెయిన్‌కు పోయింది. రెండేళ్లకే, 1914లో, నీటిని సర్కారు ఆస్తిగా ప్రకటిస్తూ ఫర్మానా వచ్చింది. మంచి భూములు ఫ్రెంచి వలసదారుల చేతికి పోయాయి.

ఈ రెండు ఘటనల మధ్య కాలంలో ఇంకొకటి జరిగింది. 1876-78లో మన వైపు ధాత కరువు వచ్చింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. ఆ కరువులో పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆ దశాబ్దం చివర్లోనే మొరాకోలోనూ ఖహత్ వచ్చి జనం రాలిపోయారు. పసిఫిక్ సముద్రం వేడెక్కితే మన మీదా వాళ్ల మీదా వాన తప్పుతుందని సైన్సు చెప్పడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కానీ వాన తప్పడం వేరు, జనం చావడం వేరు. నిల్వ చేసిన ధాన్యం రైలెక్కి వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్న హుకూమత్ తీరు రెండో దానికి కారణం.

సియాసత్: తఖ్త్, అవామ్

మొరాకోను 17వ శతాబ్దం నుంచి అలవీ ఖాందాన్ ఏలుతోంది. వాళ్లు సాదాత్. రాజుకు అమీరుల్ మోమినీన్ అనే లఖబ్ ఉంది. 1953 ఆగస్టు 20న, సరిగ్గా బక్రీద్ రోజుల్లోనే, ఫ్రెంచివాళ్లు సుల్తాన్ ఐదో ముహమ్మద్‌ను తఖ్త్ దింపి దేశం దాటించారు. అవామ్ తిరగబడింది. రెండేళ్లకు ఆయన తిరిగొచ్చాడు. 1956 మార్చి 2న ఆజాదీ వచ్చింది.

ఆయన బేటా రెండో హసన్ 1961 నుంచి 1999 దాకా ఏలాడు. ఎదురు మాట్లాడినవాళ్లు జైళ్లలో మగ్గిన కాలం అది. ఇప్పటి రాజు ఆరో ముహమ్మద్ 1999లో వచ్చాడు. 2004లో కుటుంబ చట్టాన్ని సంస్కరించి ఆడపిల్ల నికాహ్ వయసును 18కి పెంచాడు. 2011లో అరబ్ దేశాలు అట్టుడికినప్పుడు ఇక్కడ కూడా జనం వీధుల్లోకి వచ్చారు. రాజు వెంటనే కొత్త దస్తూర్ ఇచ్చాడు. ఎక్కువ సీట్లు గెలిచిన పార్టీ నుంచే వజీరే ఆజమ్ ఉండాలి, అరబీతో పాటు అమాజిగ్ భాషకూ అధికార హోదా అన్నాడు. తఖ్త్ నిలిచింది. ఫౌజు, దీన్, విదేశీ వ్యవహారాలు ఇప్పటికీ రాజు చేతిలోనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు చివర్లో నౌజవాన్‌లు మళ్లీ రోడ్డెక్కారు. 2030 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు స్టేడియాలు కడుతున్నారు సరే, దవాఖానాలు, బడులు ఏవీ అని అడిగారు.

పశ్చిమ సహారా మాట ఎత్తకుండా ఆ దేశం గురించి ఇన్సాఫ్‌గా రాయలేం. 1975లో స్పెయిన్ వదిలి వెళ్తుంటే రాజు పిలుపు మీద మూడున్నర లక్షల మంది నిరాయుధంగా అక్కడికి నడిచారు. మొరాకో అది తన నేల అంటుంది. సహ్రావీలు తమది వేరే ఖౌమ్ అంటారు. 1991లో యుద్ధం ఆగింది. రాయశుమారీ చేస్తామన్న మాట ఈ రోజుకూ నెరవేరలేదు. వేలాది సహ్రావీలు అల్జీరియాలోని తిందూఫ్ శిబిరాల్లో రెండు మూడు తరాలుగా బతుకుతున్నారు. వాళ్ల రిపబ్లిక్‌ను మన దేశం 1985లో గుర్తించి, 2000లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది. తమ హక్ కోసం ఎదురుచూసే వాళ్లను, ఎదురు నిలిచింది ముస్లిం హుకూమత్ అయినంత మాత్రాన, మనం మరిచిపోకూడదు.

మయీషత్: మన చేలో మొరాకో మన్ను

ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలో ఉన్నాయి. ఖురీబ్గా గనుల్లో 1921 నుంచి తవ్వకం సాగుతోంది. మన దేశంలో రాజస్థాన్ తదితర చోట్ల ఉన్న ఫాస్ఫేట్ రాయి మన అవసరానికి చాలదు. అందుకే మొరాకో నుంచి రాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం, తయారైన డీఏపీ దిగుమతి చేసుకుంటున్నాం. వేరుశనగ విత్తేటప్పుడు అబ్బా భుజాన మోసిన బస్తాల్లో ఎన్నింటిలో మగ్రిబ్ నేల మన్ను ఉందో! డీఏపీ ధర పెరిగిందని మనం అంగడి ముందు గొణుక్కుంటే ఆ తీగ అక్కడి దాకా పోతుంది.

పోలికలు అక్కడితో ఆగలేదు. తంజా దగ్గర 2012లో, కెనిత్రాలో 2019లో కార్ల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇప్పుడు కార్లు ఆ దేశపు పెద్ద ఎగుమతి. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ కూడా 2019లోనే తెరుచుకుంది. వర్జాజాత్‌లో 2016లో పెద్ద సోలార్ కేంద్రం మొదలైంది. అదే ఏడాది మన ఎన్‌.పి.కుంట సోలార్ పార్కు నుంచి కరెంటు వచ్చింది. ఎండే దౌలత్ అయింది. ఇక పరదేశం నుంచి వచ్చే పైసా. ఫ్రాన్సు, స్పెయిన్ లాంటి పరదేశాల్లో ఉన్న మొరాకీలు ఏటా 10 బిలియన్ డాలర్లకు పైగా ఇంటికి పంపుతారు. మన రాయలసీమ ఇళ్లకు కువైట్ ఎంతో వాళ్లకు ప్యారిస్ అంత.

కానీ కార్లు, సోలార్ పలకలు అందరికీ రోజీ ఇవ్వలేదు. అక్కడ పని చేసేవాళ్లలో చాలామంది ఇంకా సేద్యం మీదే ఉన్నారు. వాన తప్పితే ఆ ఇళ్లలో పొయ్యి తప్పుతుంది.

కళింగర కాయ చెప్పే సబఖ్

రెండో హసన్ 1967లో డ్యాముల విధానం ప్రకటించాడు. పది లక్షల హెక్టార్లకు నీరిస్తామన్నాడు. ఇప్పుడు ఆ దేశంలో 150 దాకా పెద్ద డ్యాములున్నాయి. కొన్ని దశాబ్దాలు అవి దేశాన్ని నిలబెట్టాయి. అయితే నీళ్లు ఎక్కువగా చేరింది పెద్ద కమతాలకు. యూరప్ బజారు కోసం టమోటా, నారింజ, బెర్రీలు పండించారు. డ్యాము నీరు అందని చోట మోటార్లు దిగాయి. భూగర్భ జలం కిందికి జారింది. ఖత్తారాల్లో చాలావరకు ఎండిపోయాయి. ఆ తర్వాత వరుసగా ఆరేళ్లు కరువు వచ్చింది. 2024 మొదట్లో డ్యాములన్నీ కలిపి పావు వంతు కూడా నిండలేదు. చాలా షహర్లలో హమ్మాంలను వారానికి మూడు రోజులు మూయించారు.

దక్షిణాన జాగోరా అనే ఎడారి ప్రాంతం ఉంది. ఖర్జూర చెట్ల ఊళ్లు అవి. అక్కడ బోర్లు వేసి మన కళింగర కాయ సాగు పెట్టారు. లాభం బాగానే వచ్చింది. 2017లో అదే జాగోరాలో తాగడానికి నీళ్లు లేక జనం బిందెలతో రోడ్డెక్కారు. చివరికి సర్కారు కళింగర సాగు మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. నీళ్లు లేని నేల తన నీళ్లను కాయల్లో నింపి లారీలకు ఎక్కించిందన్నమాట.

మన కాయ వేరుశనగ. కొర్ర, సజ్జ, ఆరిక, కంది కలిపి వేసుకున్న చేలల్లోకి నూనె మిల్లుల బజారు కోసం వచ్చింది. ఒక దశలో ఖరీఫ్‌లో దాదాపు 8 లక్షల హెక్టార్లలో అదొక్కటే. వాన తప్పితే జిల్లా మొత్తం ఒకేసారి మునిగేది. అప్పుడు బోర్లు వచ్చాయి. ఊట కాలువలు పోయాయి, ఏటి ఇసుక పోయింది, కపిల బావులు కంపచెట్లతో నిండాయి. నీరుగంటి పేరు మా పిల్లలకు తెలియదు. 1990ల చివరి నుంచి రైతుల ఖుద్‌కుషీ వార్తలు రాసీ రాసీ నా చేతులు బరువెక్కాయి. వాటిలో చాలా ఇళ్ల ముందు ఎండిన బోరు గొట్టం చూశాను. హంద్రీ-నీవా నీళ్లు వచ్చాక కొన్ని చెరువులు మళ్లీ నిండాయి. అది నిజం, దానికి షుక్ర్. కానీ కృష్ణ నుంచి ఎత్తిపోసిన నీళ్లు కూడా పంచుకోవడం తెలియని చోట ఎన్నాళ్లు నిలుస్తాయి?

మళ్లీ ఖుర్బానీ దగ్గరికి

మన హనఫీ మస్లక్‌లో నిసాబ్ ఉన్నవాడి మీద ఖుర్బానీ వాజిబ్. మొరాకోలో మాలికీ మస్లక్. అక్కడ అది తాకత్ ఉన్నవాడికి సున్నతె ముఅక్కదా. రసూలుల్లాహ్ ఒక జీవాన్ని తన ఉమ్మత్ తరఫున జబహ్ చేశారన్న హదీస్‌ను ఆధారం చేసుకుని రాజు ఆ మాట అడగగలిగాడు. రెండో హసన్ కూడా 1963, 1981, 1996లలో ఇలాగే అడిగాడు. ఈసారి తొమ్మిదేళ్ల కిందటి లెక్కతో పోలిస్తే జీవాలు 38 శాతం తగ్గాయన్నారు. గొర్రెల మందలకు పేరుపడ్డ అనంతపురంలో కూర్చుని ఈ అంకె చదివితే ఒళ్లు జలదరించింది. మా ఊరి పొట్టేళ్లు బక్రీద్‌కు బెంగళూరు దాకా పోతాయి. మేత లేని ఏడు వాటిని తెగనమ్ముకున్న కాపరులను నేను చూశాను.

తమ్ముడికి ఫోన్లో జాగోరా కథ చెప్పాను. వాడు మొత్తం విని, "అయితే ఏం వేయాలి భయ్యా? కొర్రలు అమ్మి నా పిల్లల ఫీజు కడతావా?" అన్నాడు. వాడి సవాల్ తప్పు కాదు. నా దగ్గర పూర్తి జవాబ్ లేదు. అబ్బా దగ్గర సగం ఉంది: బోరు డబ్బుతో చేను దిగువన నీటి కుంట తవ్విద్దాం, కంది, కొర్ర వేద్దాం, నాలుగు జీవాలు పెంచుదాం. మిగతా సగం మా ఇంట్లో తేలేది కాదు. పక్క చేను రైతు బోరు వేస్తే మా కుంట కింది ఊట కూడా అటే పోతుంది. ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి. ఎన్ని బోర్లు, ఏ పంట, ఎవరి వంతు ఎంత అన్నది తేల్చుకోవాలి. మళ్లీ ఒక నీరుగంటి కావాలి. జుమా తర్వాత మస్జిద్ మెట్ల మీద, సాయంత్రం రచ్చబండ దగ్గర ఈ మాట మొదలుపెట్టే వాళ్లు కావాలి. నేను మొదలుపెట్టాను. ఇప్పటికి నలుగురం అయ్యాం. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.

మొరాకోలో కరువొస్తే రాజు హుకుంతో దేశమంతా నమాజె ఇస్తిస్ఖా చదువుతారు. మనమూ ఈద్‌గాహ్‌లో ఎర్రటి ఎండలో నిలబడి వాన కోసం చదువుతాం. ఆ నమాజులో ఇమామ్ తన చాదర్‌ను తిప్పి వేసుకోవడం సున్నత్. యా అల్లాహ్, మా హాలత్ కూడా ఇలా తిప్పు అని దానికి ఆలిమ్‌లు చెప్పే అర్థం. వాన అల్లాహ్ చేతిలోది. పడిన వానను ఏం చేశామన్నది మాత్రం మనల్ని అడిగే సవాల్. పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీళ్లు వృథా చేయొద్దని నేర్పిన దీన్ మనది.

ఈ ఆదివారం మీ దాదాను గానీ నానాను గానీ అడగండి. మీ ఊరి చెరువుకు ఆఖరి నీరుగంటి ఎవరు? ఏ ఏడు దాకా చేశాడు? ఆ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టండి. అల్లాహ్ మన నేల మీదా, మగ్రిబ్ నేల మీదా రహ్మత్ బారిష్ కురిపించుగాక. ఆమీన్.